చేపలకు నచ్చిన పూత

పర్ణశాల,
12-2-2006

ఇంజనీరు గారికి, రేవు దగ్గర గిన్నెలకు మాట్లు వేసే మేస్త్రీ నమస్కారాలు.

అల్యూమినియం పడవలకు తెల్లమచ్చలు లేచి గుంటలు పడకుండా నేను తయారుచేసిన పూతను, జనాన్ని ఏరు దాటించే లచ్చయ్య పడవకు వేసి చూడమన్నారు. గోదావరిలో చేపలకు హాని జరగకూడదని కూడా అన్నారు. అందుకే విషపు రంగులేవీ కలపకుండా లక్క, చింతగింజల జిగురు, తవుడు నూనెతో చేశాను.

చేపలకు ఏ హానీ లేదు. చేపల వల్లే పూతకు హాని జరుగుతోంది. పడవ నీళ్లలోకి దిగగానే గుంపులుగా వచ్చి అడుగంతా గీకి తినేస్తున్నాయి. తవుడంటే చేపలకు ఇష్టమని రేవులో అందరికీ తెలుసు. నాకే తట్టలేదు.

వేరే పూత వేస్తాను, పడవను ఒడ్డెక్కించమని లచ్చయ్యను అడిగాను.

"ఏంది మేస్త్రీ, మతి గిట్ల పోయిందా? మందిని దాటిస్తే నాకేమొస్తది? పడవ ఊకె నిలవెడితే చేపలే వచ్చి వలల పడుతున్నయ్. ఇది గీకేస్తే మా ఇంటామె నిన్నూ నన్నూ కలిపి పులుసు పెడ్తది" అన్నాడు.

మిగతా పడవలవాళ్లూ పూత కోసం నా దగ్గరికి వచ్చారు. లోహం నిలుస్తుందా అని ఒక్కరూ అడగలేదు.

సోమవారం మీరు వచ్చి పడవ అడుగు చూసి, పూత పనికిరాదని రాసేస్తారేమోనని భయంగా ఉంది. తుంపర పడినా చేప నోటికి అందని పైభాగం మీద ఒక్క మచ్చ కూడా లేదు. దయచేసి ముందు అక్కడ చూడండి. ఊరంతా దీన్ని ఎర అంటోంది. పూత అని మీరైనా కాగితం మీద రాయండి.

మీ రాక కోసం చూస్తూ,
మేస్త్రీ