జోకు రాకముందే నవ్వు

ఆదివారం, లోవర్ హట్, న్యూజిలాండ్.

పక్కింటి డెర్మట్ అంకుల్ ఇవాళ నవలలో కొత్త చాప్టర్ చదివి వినిపించారు. ఐర్లండ్‌లో ఏళ్ల తరబడి పేపర్లో చావు వార్తలు రాసి, ఇక్కడికొచ్చి హాస్య నవలలు మొదలుపెట్టిన మనిషి. భార్య నోరా ఆంటీ పోయాక ఆయన ముందుగా చదివి వినిపించేది నాకే. నేను నవ్విన చోటల్లా పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటారు.

ఈమధ్య నాకు నవ్వు రావడం లేదు. ఆయన మొహం చూసి నవ్వుతున్నాను. ఇవాళ తొందరపడ్డాను.

ఆయన చదవడం ఆపి, "జోక్ ఇంకా రాలేదు, సుధా," అన్నారు.

"సారీ అంకుల్."

"పర్లేదు. జబ్బుపడ్డాక నోరా కూడా ఇలాగే ముందే నవ్వేసేది," అంటూ పెన్సిల్ జేబులో పెట్టేసుకున్నారు.

వచ్చే ఆదివారం పిలుస్తారో లేదో. పిలిస్తే మాత్రం, ఏ మొహం పెట్టుకుని నవ్వను...