గోడకు అవతలి బండలు

బేతంచెర్ల,
బుధవారం.

ప్రియమైన యామినికి,

అమ్మ, జ్యోతి, నేను ముగ్గురమూ ఆరోగ్యంగానే ఉన్నాం. ఈ మాట ముందే రాస్తున్నాను. తర్వాత రాసేది చదివి నువ్వు శిక్షణ వదిలేసి బస్సెక్కకుండా.

నీ ఉత్తరం నిన్న అందింది. మోకాలి నొప్పి తగ్గిందన్నావు, సంతోషం. పరేడ్‌లో మాత్రం పంతానికి పోవద్దు. జ్యోతి అన్నం తింటోంది, పప్పులో నెయ్యి లేకపోతే ఊరుకోవడం లేదు. అమ్మ చేత జడ వేయించుకోవడం అలవాటైంది. నీ యూనిఫాం ఫొటో చూసి ‘మా అమ్మ పోలీసు’ అని వీధిలో అందరికీ చెబుతోంది.

ఇక నీ అసలు ప్రశ్న. పోయిన ఉత్తరంలో ‘బడి మారుద్దామా’ అని ఒక్క ముక్క రాసి కారణం రాయలేదు. నువ్వు కోప్పడ్డావు. పిల్ల ఇప్పుడిప్పుడే కుదురుకుందని, నీ శిక్షణ ముగిసేదాకా నాలుగు నెలలు ఆగమని రాశావు. అమ్మదీ అదే మాట. “ఆ బడికి అలవాటు పడేకి రెండు నెలలు ఏడ్సింది బిడ్డ. మల్లా యాడికి మారుస్తావురా? నీకేమన్నా పిచ్చా?” అంది. మీ ఇద్దరి మాటల్లోనూ తప్పు లేదు. మీకు సంగతి తెలియదు, అంతే.

రెండు వారాల కిందట స్నానం చేయిస్తుంటే జ్యోతి తన అరచేతులు చూపించింది. ఎర్రగా గీసుకుపోయి ఉన్నాయి. అడిగితే చెప్పింది.

“లారీ వస్తే మేమంతా ఉరికిపోయి గోడకు చేతులు పెడతాం నాన్నా. గోడ వణుకుతాది. భయపడి చెయ్యి తీసినోళ్లు ఔటు. నేను ఒక్కసారి గూడా ఔటు కాలేదు.”

మరునాడు బడికి వెళ్లాను. వెనక ఇసుక పోసి, జారుడుబల్ల పెట్టిన చోటు నీకు తెలుసు. దాని వెనక గోడకు అవతల నాపబండల పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. గోడ ఎత్తు ఏడడుగులు. మధ్యలో ఒక్క పిల్లర్ లేదు. దారానికి తాళంచెవి కట్టి గోడ పైనుంచి వదిలాను. కింద దారానికీ గోడకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాయి. అంటే గోడ బడి వైపుకు ఒరిగింది.

ఫ్యాక్టరీలోకి పోయాను. ముప్పై అడుగుల పొడవునా గోడకు బండలు ఆనించి ఉన్నాయి, ఒక వరుస మీద ఇంకో వరుస. ఒక్కొక్కటి ఇద్దరు మనుషులు మోసే బండ. లారీలోంచి వాటిని దించుతున్న కూలీ సుంకన్న నాకు తెలిసినవాడే.

“బండను పండబెడితే ఇరుగుతాదన్నా. నిలబెట్టి దేనికన్నా ఆనించల్ల. షెడ్డులో చోటు ల్యాక ఈడ పెట్టినాం.”

“అవతల పిల్లలుండారని తెల్దా?”

“ఎందుకు తెల్దన్నా? పాటలు ఇనబడతానే ఉంటాయి.” తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని నవ్వాడు. “అయినా ఆ ప్రహరీ శానా గట్టిదని మీ పేపర్లోనే వచ్చిండె గదన్నా. రాసినోడివి నువ్వే గదా?”

నేనే. జూన్‌లో అడ్మిషన్ల ప్రత్యేక పేజీకి మండలంలోని బడులన్నిటి మీదా రాయమన్నారు. ఆ నెలలో ఏ విలేకరీ బడులు తిరిగి చూడడు. బడివాళ్లు వాట్సాప్‌లో పంపిందే సరిచేసి పంపుతాం. ఈ బడి నడిపే స్వర్ణలత మేడం పంపిన దాంట్లో ‘చుట్టూ దృఢమైన ప్రహరీ’ అని ఉంది. అలాగే వేశాను. మనం జ్యోతిని చేర్చింది అది అచ్చయిన తర్వాతే, నేను రాసిన మాటే నమ్మి. పదకొండేళ్లలో బండలు మీద పడి కూలీ చనిపోయిన వార్తలు నాలుగు రాశాను. ఆ నాలుగు చోట్లకూ వెళ్లి చూసే రాశాను. బడి వెనక్కి మాత్రం వెళ్లలేదు.

మేడంను అడిగితే, “గోడ వాళ్లది సార్, బండలు వాళ్లవి. ఈ మాట బయటికి పోతే నేను బడి మూసుకోవాల్సిందే. మీ పాపను నా ఆఫీసు గదిలో కూర్చోబెట్టుకుంటాలెండి, సరేనా?” అంది.

నేను సరే అన్నాను యామినీ.

పది రోజులు జ్యోతి ఆ గదిలో బొమ్మలకు రంగులు వేసింది. మిగతా ముప్పై ఎనిమిది మంది ఇసుకలో ఆడారు. ఆదివారం నీతో ఫోన్‌లో మాట్లాడిన పది నిమిషాల్లో ఇది చెప్పలేకపోయాను.

నిన్న సాయంత్రం గంటన్నర వాన పడింది. ఈ ఉదయం ఆరింటికి వెళ్లి మళ్లీ దారం వదిలాను. ఆరు వేళ్లు. ఇంటికొచ్చి జ్యోతిని పంపవద్దని అమ్మకు చెప్పాను. ఎనిమిదిన్నరకు వ్యాన్ వచ్చింది. డ్రైవర్ జయరాజ్ తల బయటికి పెట్టి, “పాప యాడన్నా?” అన్నాడు.

“జ్వరం” అన్నాను.

“నాకు జ్వరం ల్యా గదా నాన్నా?” అని వెనకనుంచి జ్యోతి.

వ్యాన్‌లో పద్నాలుగు మంది పిల్లలున్నారు. కిటికీ పక్కన ఎదురింటి రామసుబ్బమ్మ మనవరాలు కూర్చుని జ్యోతికి చెయ్యి ఊపింది. ఆ పిల్లను ఏ బడిలో వేయాలని రామసుబ్బమ్మ నన్నే అడిగింది. పేపర్ ఇచ్చి చదువుకోమన్నాను. అన్నీ తెలిసి నిలబడే ఉన్నాను. వ్యాన్ పోయింది.

నీకు చెప్పలేనిది ఇదే. గోడ కన్నా నాకు ఇది ఎక్కువ భయంగా ఉంది. నా బిడ్డ చెయ్యి నా చేతిలో ఉంటే చాలనుకుని ఎంతసేపు నిలబడగలనో నాకు తెలిసిపోయింది. గడియారం చూశాను. ఇరవై నిమిషాలు.

తర్వాత బండి తీసి బడికి వచ్చాను. పిల్లలందరినీ ముందు గదుల్లోకి పంపించి, వెనక తలుపుకు తాళం వేయించాను. మేడం అరిచింది, ఏడ్చింది, చివరికి తాళంచెవి నా చేతికిచ్చి లోపలికి పోయింది. నగర పంచాయతీలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. జూన్‌లో రాసింది తప్పని, చూడకుండా రాశానని మా పేపర్ డెస్క్‌కు నాలుగు వాక్యాలు పంపాను. వేస్తారో, నన్నే తీసేస్తారో తెలియదు.

జ్యోతిని రేపటి నుంచి మన వెనక వీధిలో భీమక్క అంగన్‌వాడీకి పంపుతాను. ఒక్కటే గది, ఇంగ్లీషు పాటలు ఉండవు. నాలుగు పక్కలా తిరిగి చూశాను, గోడలకు ఏదీ ఆనుకుని లేదు. మళ్లీ ఏడుస్తుంది, ఏడవనీ. నువ్వు వద్దన్నా మారుస్తాను, కోప్పడకు.

ఈ ఉత్తరం ఇంట్లో రాయడం లేదు. బడి వెనక తలుపుకు అడ్డంగా పిల్లల కుర్చీ వేసుకుని కూర్చుని రాస్తున్నాను. ఈ పూట వ్యాన్ కోసం చూడకుండా వచ్చి పిల్లలను తీసుకుపొమ్మని అందరి ఇళ్లకూ కబురు పెట్టాను. తల్లులు వచ్చే వేళయింది. వాళ్లు నన్నేమన్నా అనవచ్చు, ఆ హక్కు వాళ్లకుంది. గేటు దగ్గర రామసుబ్బమ్మ చెప్పులు విడుస్తోంది. జ్యోతికి జ్వరమని విన్నట్టుంది, ఎట్లుందని దూరంనుంచే సైగ చేసి అడుగుతోంది. లేచి వెళ్తున్నాను.

ఇట్లు,
జ్యోతి నాన్న
ఓబుళేశు