జమ్ము దగ్గర ఎత్తిన తెడ్డు

ఏవండీ,

మీరు పోయి ఈరోజుకి ఏడాది. పొద్దున్నే సమాధి మీద బంతిపూలు పెట్టి వచ్చాను. మధ్యాహ్నం మన సురేషు నన్ను బలవంతాన వాడి స్పీడ్‌బోటు ఎక్కించాడు. బ్యారేజీకి ఎగువన, మీరు తెడ్డు వేసి జనాన్ని ఏటి నడుమ లంకకు దాటించిన ఆ నీళ్ళమీదే ఇప్పుడు వాడు టూరిస్టులను తిప్పుతున్నాడు.

"ఇంట్లో ఒక్కదానివే కూర్చుని ఏం చేస్తావమ్మా, రా" అన్నాడు.

వెనక సీట్లలో ఎవరో పిల్లలు, ఒకటే కేకలు. నీళ్ళు మొహాన కొడుతుంటే నేనూ నవ్వేశానండీ. మీరు వెళ్ళాక అంతలా నవ్వడం అదే మొదలు.

అంతలో నీళ్ళలో గుబురుగా పెరిగిన జమ్ముగడ్డి కనిపించింది. అందులో నీటికోళ్ళు గూళ్ళు పెడతాయని మీరు అక్కడికి రాగానే తెడ్డు పైకెత్తేసేవారు. పడవ దానంతటది జారి జమ్ము దాటేదాకా ఎవర్నీ మాట్లాడనిచ్చేవారు కాదు. పెళ్ళివాళ్ళు ఎక్కినా అంతే.

"కాస్త మెల్లగా పోనీరా" అన్నాను.

"మెల్లగా పోతే మన బోటు ఎవరెక్కుతారమ్మా?"

మీరుంటే వాడితో పోట్లాడేవారు. నేనెలా పోట్లాడను? వాడి సంపాదనతోనే కదా ఇల్లు గడుస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే మా బోటు లేపిన అల జమ్మును వంచేస్తోంది. గూడొకటి ఊడి నీళ్ళమీద తేలుతోంది.

జమ్ము దాటేదాకా పెదవి విప్పకుండా కూర్చున్నాను. ఇంజను హోరు, పిల్లల కేకలు. ఆ బోటులో మీ మాట విన్నది నేనొక్కదాన్నే.