దెబ్బకో డబ్బా బక్ష్యాలు

అశోక్‌నగర్,
ఆదివారం సాయంత్రం

శ్రీమతి మనోరమ గారికి,

అశోక్‌నగర్ క్రికెట్ కమిటీ కార్యదర్శి జగదీశ్వర్ నమస్కారాలు. ఫోను చేయవచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాగితం మీద లేని మాటను నేను మాటగా లెక్కపెట్టను.

ఈ పొద్దున ప్రాక్టీసులో మీ అమ్మాయి శ్రీదివ్య వేసిన బంతి నేలకు తగిలి ఎగిరి, బ్యాటింగు చేస్తున్న ఫణీంద్ర భుజానికి కొట్టుకుంది. దీన్ని బౌన్సర్ అంటారు. అతను తలకు హెల్మెట్ పెట్టుకున్నాడు, కాళ్ళకు ప్యాడ్లు కట్టుకున్నాడు. బంతి మాత్రం ఏమీ కట్టుకోని చోటు వెతుక్కుని మరీ తగిలింది.

కమిటీలో పెద్ద చర్చ జరిగింది. "ఆట అన్నంక దెబ్బలు తగుల్తయి. భయమైతే క్యారమ్స్ ఆడుకోమను" అన్నాడు మా అంపైర్ ఎల్లేశం. "రేపు తలకు తగిలితే ఎవరన్నా జవాబు చెప్తరా?" అన్నాడు స్కోరు రాసే హనుమప్ప. నేను ఆటగాళ్ల క్షేమం వైపు.

అమ్మాయికి నచ్చచెప్పండి. నెలాఖరున నారాయణగూడ జట్టుతో ఫైనల్ ఉంది. నగర ఆడపిల్లల జట్టుకు ఎంపిక చేసేవారు ఆ రోజు శ్రీదివ్య బౌలింగు చూడడానికే వస్తున్నారు. ఈలోపు దెబ్బలు ఎక్కువైతే ఆమెను మైదానంలోకి దించడం నా వల్ల కాదు.

ఇట్లు,
జగదీశ్వర్

తా.క. ఫణీంద్రకు ప్రమాదమేమీ లేదు. ఏడ్చింది వాళ్ళమ్మ.

•

చిక్కడపల్లి,
సోమవారం

గౌరవనీయులైన జగదీశ్వర్ అన్నగారికి,

మనోరమ నమస్కరించి రాస్తున్నాను. మీ ఉత్తరం అందింది. వెంటనే అమ్మాయిని ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోయాను. ఇకమీదట ఎవరి తలకూ భుజానికీ బంతి పోనివ్వనని, కాళ్ళ దగ్గరే వేస్తానని స్వామి ముందు ఒట్టు పెట్టించాను.

"ఫాస్ట్ బౌలర్‌తోని ఎవరన్న గిట్ల ఒట్టు పెట్టిస్తరా అమ్మా? నా బౌలింగ్ ఖరాబైతది" అన్నది.

"స్వామికి ఆట తెల్వదా బిడ్డా? సముద్రమే దుంకిండు. నువ్వు ఒట్టు పెట్టు" అన్నాను.

మా అత్తగారు ఒక మాట అంటుండేది, "మన పిల్ల చేతుల దెబ్బ తిన్న ఇంటికి మన చేతి వంట పోవాలె" అని. ఆమె పోయినా ఆ పద్ధతి నేను తప్పలేదు. ఫణీంద్ర ఇంటికి డబ్బా నిండా పూర్ణం పెట్టిన నేతి బక్ష్యాలు పట్టుకుపోయాను. భుజం నొప్పి కదా, తినిపిస్తానన్నాను. వద్దని, రెండు చేతులతోనూ తిన్నాడు. నా మనసు కుదుటపడింది.

ఉంటాను.
మీ చెల్లెలు వంటిది,
మనోరమ

తా.క. డబ్బా తిరిగి పంపేటప్పుడు వట్టిది పంపవద్దని ఫణీంద్ర వాళ్ళమ్మకు చెప్పండి. ఇంటికి మంచిది కాదు. పిడికెడు చక్కెర వేసినా చాలు.

•

అశోక్‌నగర్,
ఆదివారం

మనోరమ గారికి,

నమస్కారం. మీ ఒట్టు పనిచేసింది. అమ్మాయి వేసిన ఒక్క బంతీ మోకాలు దాటి లేవలేదు. కానీ దెబ్బలు మాత్రం పెరిగాయి. ఫణీంద్రకు మళ్ళీ తగిలింది, ఈసారి పిక్కకు. బబ్లూకు మడమ మీద తగిలింది. బ్యాంకులో పనిచేసే మన ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ శ్రీపతికి కుడి మోకాలికి తగిలింది. ముగ్గురూ ప్యాడ్లు కట్టుకునే ఉన్నారు. అయినా ముగ్గురూ పడిపోయి చాలాసేపు లేవలేదు.

ప్రాక్టీసు కాబట్టి సరిపోయింది. అదే మ్యాచ్‌లో అయితే వికెట్లకు అడ్డంగా కాలు పెట్టినవాణ్ణి ఎల్బీడబ్ల్యూ అని ఔట్ చేసి పంపిస్తారు. ఇంత అనుభవమున్న శ్రీపతి బ్యాటు పక్కన పెట్టి కాలు ఎందుకు చాపాడో నాకు అంతుపట్టలేదు. మీ అమ్మాయి వేగానికి కంగారుపడి ఉంటాడు.

విచారంతో,
జగదీశ్వర్

తా.క. శ్రీపతి అడగమన్నాడు: బక్ష్యాలలో మీరు యాలకులు వేస్తారా, జాజికాయ వేస్తారా?

•

చిక్కడపల్లి,
మంగళవారం

అన్నగారికి నమస్కారాలు.

యాలకులే వేస్తాను. పాపం, అంత నొప్పిలోనూ అడిగారంటే శ్రీపతి గారు ఎంత నెమ్మదైన మనిషో! లైబ్రరీ మలుపు దగ్గరి కొట్లో మంచి బెల్లం దొరికింది. మూడిళ్ళకూ పంపాను. బబ్లూకు కారం ఇష్టమని తెలిసి సకినాలు కూడా పెట్టాను.

అమ్మాయిని కూర్చోబెట్టి మందలించాను.

"నేను వికెట్లకే వేస్తున్నమ్మా. వాళ్ళే అడ్డం వస్తుండ్రు. శ్రీపతి అంకులైతే బాల్ ఎటు పోతే అటు కాలు తెస్తుండు" అన్నది.

"పెద్దోళ్ళ మీద చాడీలు చెప్పొద్దు బిడ్డా" అన్నాను. అలిగి అన్నం తినలేదు. నగర జట్టులో ఆడాలని చిన్నప్పటి నుంచి దాని కోరిక. అది చేజారుతుందని నాకూ దిగులుగా ఉంది. దయచేసి ఆమెను ఆపకండి. దెబ్బ తగిలిన ప్రతి ఇంటినీ చూసుకునే పూచీ నాది.

మీ చెల్లెలు,
మనోరమ

తా.క. వచ్చే వారం ఎవరికి ఏమి పడదో ముందే చెబితే ఆ ప్రకారం వండుతాను.

•

అశోక్‌నగర్,
ఆదివారం రాత్రి

మనోరమ గారికి,

చాలా బాధతో రాస్తున్నాను. ఈ రోజు జట్టులో సగం మంది నేలపాలయ్యారు. వాళ్ళ సంగతి సరే. ఎల్లేశం అంపైర్, బౌలర్ వెనక నిలబడే మనిషి. ముందుకు పోయే బంతి వెనకనున్న ఆయనకు ఎట్లా తగిలిందో కమిటీకి అర్థం కాలేదు. ఆయన మాత్రం నడుము పట్టుకుని మీ ఇల్లు ఎక్కడని అడుగుతున్నాడు. బౌండరీ అవతల చెట్టు కింద స్కోరు రాసే హనుమప్పకు కూడా "గాలి తగిలింది" అట.

నేనే స్వయంగా తనిఖీ చేద్దామని ప్యాడ్లు కట్టుకుని నిలబడ్డాను. మొదటి బంతికే కాలి బొటనవేలు వాచింది. ఇక తప్పలేదు. ఫైనల్‌లో శ్రీదివ్య బౌలింగు చేయకూడదని కమిటీ తీర్మానించింది.

క్షమించండి.
జగదీశ్వర్

తా.క. ఈ వార్త నారాయణగూడ దాకా పాకింది. వాళ్ళ కెప్టెన్ కలిసి "అన్నా, మాకు దెబ్బ తగిలినా డబ్బా వస్తదా?" అని అడిగాడు. ఎందుకడిగాడో నాకు తెలియలేదు.

•

చిక్కడపల్లి,
బుధవారం

అన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి శ్రీదివ్య బంతి తీసి బీరువాలో పెట్టేసింది. నేను దేవుని ముందు కూర్చుని కాసేపు కన్నీళ్ళు పెట్టుకున్నాను. అయినా పద్ధతి పద్ధతే కదా అని, డబ్బా పట్టుకుని శ్రీపతి గారి ఇంటికి పోయాను.

ఆటో దిగుతుంటే ఆయన నన్ను పై అంతస్తు నుంచి చూశారు. మెట్లు రెండేసి దుముకుతూ వచ్చి గేటు తీశారు. తీశాక గుర్తొచ్చినట్టుంది, కుంటడం మొదలుపెట్టారు. అదీ ఎడమ కాలు. మీరు రాసింది కుడి మోకాలని మా అమ్మాయి అంటుంది. వారి భార్య చంద్రిక నవ్వు ఆపుకోలేక, "పొద్దుగాలకెల్లి గేటు దిక్కే చూస్తుండు అక్కా. బ్యాంకుకన్న గింత తొందరగ పోడు" అన్నది.

నేను శ్రీపతి గారిని ఏమీ అనడం లేదు. నొప్పి ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుందేమో, నాకు వైద్యం తెలియదు.

అయితే ఇంటికొచ్చాక ఒకటి గుర్తొచ్చింది. దెబ్బ తిన్న ఒంటికి తీపి పెట్టకూడదని, వేపాకూ వామూ మరిగించిన కషాయం మూడు పూటలా తాగించాలని కూడా మా అత్తగారే అనేది. ఇన్నాళ్ళూ ఆమె మొదటి మాట పట్టుకుని రెండో మాట మరిచాను. ఈ రోజు నుంచి దెబ్బ తగిలిన ఇంటికి కషాయం పోతుంది. నేనే దగ్గర కూర్చుని తాగిస్తాను. ఎవరికీ దెబ్బ తగలకపోతే జట్టంతటికీ బక్ష్యాలు.

ఈ సంగతి జట్టులో చదివి వినిపించి, ఆ తరువాత మా పిల్ల విషయం ఇంకొక్కసారి ఆలోచించండి. మీరు ఏమి చెప్పినా శిరసావహిస్తాను.

మీ చెల్లెలు,
మనోరమ

తా.క. మీ బొటనవేలికి మొదటి సీసా ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను.

•

అశోక్‌నగర్,
ఫైనల్ అయిన సాయంత్రం

మా చెల్లెమ్మ మనోరమకు,

నువ్వు గుడిలో కళ్ళు మూసుకుని కూర్చున్నావని శ్రీదివ్య చెప్పింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి వినిపించగానే మన క్షతగాత్రులందరూ అక్కడికక్కడే కోలుకున్నారు. ఎల్లేశం నడుము వంచి పాదాలు ముట్టుకుని చూపించాడు. దెబ్బలే లేనప్పుడు నిషేధం ఎక్కడిది? తీర్మానం చింపేశాను.

మ్యాచ్‌కు అంపైర్లు బర్కత్‌పుర నుంచి వచ్చారు. నారాయణగూడ వాళ్ళు బ్యాటింగుకు దిగారు. శ్రీదివ్య ఒట్టు తప్పలేదమ్మా, ప్రతి బంతీ కాళ్ళ దగ్గరే. మొదటివాడు వచ్చాడు, బ్యాటు పక్కన పెట్టాడు, వికెట్లకు అడ్డంగా కాలు పెట్టాడు. ఎల్బీడబ్ల్యూ. రెండోవాడూ అంతే. మూడోవాడు రెండు కాళ్ళూ పెట్టాడు. ఔటైనవాడు ఒక్కడూ బాధపడలేదు. నవ్వుకుంటూ, కుంటుకుంటూ పోతున్నారు!

నాకు అప్పుడు వెలిగింది. వాళ్ళకు బక్ష్యాల సంగతి తెలుసు, కషాయం సంగతి తెలియదు.

గెలిచాం. ఎంపిక చేసేవారు నన్ను పక్కకు పిలిచి, "వేగంగ వేసే పిల్లలు శానమంది ఉన్నరు. గింత గురిగ కాళ్ళ కాడ వేసెటోళ్ళు ఎవ్వరు లేరు. ఈమెకు కోచింగ్ ఎవరిది?" అన్నారు. ఆంజనేయస్వామిది అన్నాను. శ్రీదివ్య నగర జట్టులో ఉంది. నువ్వు ఇక కళ్ళు తెరవొచ్చు.

డబ్బా వట్టిది పంపవద్దన్నావు కదా. పిడికెడు చక్కెర వేసి, మధ్యలో మ్యాచ్ బంతి పెట్టాను.

నీ అన్న,
జగదీశ్వర్

తా.క. నారాయణగూడ కెప్టెన్ నీ ఇంటి అడ్రసు తీసుకున్నాడు. పెద్ద గిన్నెలో వేపాకు పొయ్యిమీద పెట్టు.

ఇంకో తా.క. ఫణీంద్ర భుజం తరువాత నిజంగా దెబ్బ తగిలింది నాకు, ఈ బొటనవేలికి. మూడు రోజులుగా కషాయం తాగినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే. ఇది న్యాయమేనా చెల్లెమ్మా? కాగితం మీద జవాబు కావాలి. డబ్బాలో పెట్టి పంపు.