ఏ ‘చాలు’ అన్నానో

సైకిల్ రిపేరు షాపు మీది జూడో హాలు పంతులమ్మనైన నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వబుద్ధితో, స్వదస్తూరితో రాసుకుంటున్న మరణశాసనం ఇది. బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. నన్నడిగితే తొందరపడ్డాడంటాను. హాలు కూతురికి రాయాలో, నత్త అని నేను పిలిచే శిష్యురాలికి రాయాలో తేలక మూడు నెలలుగా కొట్టుకుంటున్నాను. ఇది నాలుగో ప్రతి, ముందు మూడూ రద్దు. అమలు బాధ్యత నా చెల్లెలిది.

1. ఇంట్లోని చరాస్తి యావత్తూ చెల్లెలికి. నా మోకాలి పట్టీలు కూడా. మెట్లెక్కుతూ ‘అమ్మో, అయ్యో’ అనడం మాని అవి కట్టుకోవాలి.

2. గోడ గడియారం మరిదికి. ఆడపిల్లకు ఈ కుస్తీలేమిటని నలుగురిలో నన్ను వెక్కిరించిన మహానుభావుడు. అది రోజుకు పది నిమిషాలు వెనకబడుతుంది. ఆయనకు సరిపోతుంది.

3. హాలు, ఇరవై నాలుగు మ్యాట్లు నా శిష్యురాలు నత్తకు. (కొట్టేశాను.) నత్తంటే పోస్టాఫీసు ఆవిడ. నల్ల బెల్టు పరీక్ష అయిదుసార్లు తప్పింది, ఒక్కపూటా మానలేదు. హక్కు దానిదేనేమో! కానీ కింద రాసింది రాశాక కొట్టేయక తప్పలేదు.

4. మా మాస్టారు తలుపులు మూసి, ఒక్కొక్కరికే పరీక్ష పెట్టేవారు. తప్పినవాళ్లతో ‘మళ్లీ రా’ అనేవారు, నెగ్గినవాళ్లతో ‘చాలు’. అంతే, మూడో మాట లేదు. నెగ్గినవాళ్లు పక్కగది అలమారలోంచి బెల్టు తామే తీసుకోవాలి. ఈ ఆనవాయితీ నాకెవరూ చెప్పలేదు. ‘చాలు’ అంటే ‘ఇక చాల్లే, దయచెయ్యి’ అనుకుని ఏడుస్తూ ఇంటికి పోయాను. ఏటా పరీక్షకు వెళ్లడం, అదే మాట విని ఏడవడం, అలా ఆరేళ్లు! ఏడో ఏట ఆయనే విసిగి బెల్టు తెచ్చి నా నడుముకు కట్టారు. ఆయన పోయాక పరీక్షల పుస్తకం చూస్తే, మొదటి ఏడే నెగ్గానని ఉంది. నేను వినయం కొద్దీ బెల్టు ముట్టడం లేదని పక్కనే రాసుకున్నారు.

ఎడమకాలు బలహీనమని కనిపెట్టింది, దెబ్బ తగలకుండా పడడం నేర్చింది, విరిగిన బొటనవేలితో మ్యాటెక్కింది ఆ ఆరేళ్లలోనే. ఇవాళ పిల్లలకు చెప్పేదంతా అప్పటిదే. జరగని ఓటమి నేర్పిన చదువును ఏమనాలి? మాస్టారికి దండం పెట్టాలా, తిట్టాలా? నిజం తెలిసుంటే బెల్టు మేకుకు తగిలించి ఊరుకునేదాన్నేమో. నాకు అర్థం కాదు.

5. ఆయన మాటలే నాకూ అలవాటయ్యాయి. నా కూతురు రెండుసార్లు తప్పింది. ‘మళ్లీ రా’ అన్నాను, వచ్చింది. మూడోసారి ‘చాలు’ అన్నాను, వెళ్లిపోయింది. తొమ్మిదేళ్లుగా బేకరీలో పిండి బస్తాలు మోస్తోంది, నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది, మ్యాట్ మీద కాలు పెట్టలేదు. నాలాగే తప్పుగా విందని అందరికీ చెప్పుకున్నాను. కానీ దానికి ఆ మాట అర్థం నేనే చెప్పాను కదా! మరి నా గొంతులో ఏం వినిపించింది? నేనన్నది ఏ ‘చాలో’ నాకే తెలియదని ఇన్నాళ్లూ నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

6. నేను తలుపులు తెరిచి పరీక్ష పెడతాను. ఆ మూడోసారి పిల్లలంతా చూస్తుండగా నా కూతురు నన్ను నడుము మీదికెత్తి పడేసింది. అంత శుభ్రమైన పట్టు నేను జన్మలో పట్టలేదు. వెల్లకిలా పడ్డాను, ఊపిరాడలేదు. సిగ్గుతో, కుళ్లుతో ‘చాలు’ అని అరిచాను. కిందపడ్డా పైచేయి నాదే అన్నట్టు లేచి మొహం తిప్పుకున్నాను. కన్నతల్లిని, సొంత బిడ్డ మీద కుళ్లుకున్నాను. నా పరీక్షల పుస్తకంలో ఆ రోజు వరస ఖాళీగా వదిలేశాను.

కనుక హాలు, మ్యాట్లు సర్వహక్కులతో నా కూతురికి. నేర్పుకున్నా, అమ్ముకున్నా, బస్తాలు పేర్చుకున్నా దాని ఇష్టం. నత్త ఆరో పరీక్ష నా కూతురే పెడితే బాగుండునని కోరిక, షరతు కాదు. నత్త నన్ను క్షమించాలి. బతికుండగా ఆ రోజు సంగతి నా నోటితోనే కూతురికి చెప్పే ధైర్యం వస్తే పైన ఒప్పుకున్నది కొట్టేస్తాను. రాకపోతే చెల్లెలు పుస్తకం తీసుకెళ్లి దానికి చూపించాలి. ఆ వరసలో ఇవాళ నా చేత్తో రాశాను: ‘నెగ్గింది. పడింది నేను.’

తేదీ: 9 ఆగస్టు 2018
(సంతకం) జూడో పంతులమ్మ

సాక్షులు:
1. కింది సైకిల్ షాపు మేస్త్రీ
2. ఎదురింటి దర్జీ
(సాక్షులకు ఏమీ రాయకూడదని లాయరు చెప్పాడు. అలగొద్దు.)