నిచ్చెన దాచింది నేనే

ఏవండోయ్, నిచ్చెన కోసం ఇల్లంతా వెతక్కండి. అది పక్కింటి టైలరక్క దగ్గరుంది. ఎల్లుండిదాకా మీకివ్వొద్దన్నాను. మీకు జ్వరమని మేస్త్రీకి ఫోన్ కూడా చేశాను, కాబట్టి వీధిలో కనబడకండి. అన్నం మూతపెట్టి ఉంది.

నిన్న మీ పేరున కట్టిన ఆ చిన్న ప్రమాద బీమా ఎల్లుండి గానీ అమల్లోకి రాదట. ఇన్నేళ్ళూ మీరు మూడంతస్తుల గోడలకు రంగులేస్తుంటే నేను హాయిగా టీవీ చూసుకున్నాను. కాగితం చేతికొచ్చాక గుండెల్లో రైళ్ళు పరిగెడుతున్నాయి! అపశకునం మాటలొద్దని బీమా అమ్మాయిని మూడుసార్లు గుమ్మంలోంచే పంపేసిన మహాతల్లినీ నేనే, ఇప్పుడు మీ రెండ్రోజుల పని చెడగొట్టిన తెలివైనదాన్నీ నేనే. నవ్వుకోండి, పర్లేదు.

ఇంకోమాట. ఎల్లుండి నుంచి పడొచ్చని కాదు నా ఉద్దేశం.