బోర్డు మీద పేరు

సోమవారం, రాత్రి

ఈరోజు పదకొండు మంది పిల్లలు వచ్చారు. పోయిన వారం ఒక్కరూ రాలేదు. పనికి వెళ్ళే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకోవడానికి మున్సిపాలిటీ వాళ్ళు గది ఇచ్చారు, మా మహిళా సంఘం వంట చూసుకుంటోంది, రిటైరైన సరోజన టీచర్ పాటలు నేర్పుతోంది. తప్పంతా నేను రాయించిన బోర్డుదే: ‘బాలల సంరక్షణ కేంద్రం’.

మొన్న రైస్ మిల్లులో పనిచేసే యాదమ్మ ముఖం మీదే అడిగింది.

“మా పిల్లకు తల్లి లేదా మేడం? గట్ల రాస్తే అనాథల హాస్టలనుకుంటరు.”

“మరేం రాయాలె?”

“తల్లిగారిల్లు అని రాయుండ్రి. పిల్లల్ని ఆడ ఇడిస్తే ఎవరికీ రంది ఉండది.”

పుట్టింటి పేరే పెట్టి నిన్న బోర్డు మార్పించాను. మున్సిపాలిటీ వాళ్ళు ఆ గదిని మాకు ఎన్నాళ్ళు ఉంచుతారో మాత్రం తెలియదు.

సాయంత్రం పిల్లల కోసం వచ్చిన తల్లులందరికీ సరోజన టీచర్ బొట్టు పెట్టింది. “తల్లిగారింటి నుంచి ఉత్త నొసటితోని పంపుతరా?” అంది. అందరం నవ్వాం.

“మా తల్లిగారూరు చేగుంటల నన్ను కన్న అవ్వ పోయినంక నాకెవరూ గిట్ల పెట్టలే” అంది యాదమ్మ.

పిల్లను చంకనేసుకుని వెళ్తూ, చెమట తుడుచుకునే కొంగును బొట్టున్న నుదుటి దాకా పోనివ్వలేదు.